నవ్వుకు ధర కట్టిన తెర

వినోదం మనిషికి అవసరం. రోజంతా మగ్గం దగ్గరో, మామిడి తోటలోనో, బస్సు స్టీరింగు ముందో ఒళ్లు హూనం చేసుకున్న మనిషి సాయంత్రానికి కాసేపు నవ్వుకోవాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఇస్లాం నవ్వును నిషేధించలేదు. పండుగనాడు మస్జిద్‌లో హబషీలు బల్లేలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సతీమణి హజ్రత్ ఆయిషా (ర.అన్హా)ను తన వెనుక నిలబెట్టుకుని, ఆమెకు తనివి తీరేవరకు చూడనిచ్చారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆ వినోదంలో ఎవరి గౌరవానికీ భంగం కలగలేదు. చూడాలన్న కోరిక ఆమెది. చాలన్న మాట కూడా ఆమెదే.

ఈ గీటురాయిని చేతిలో పెట్టుకుని నేటి వినోదాన్ని పరీక్షించి చూద్దాం.

వడమాలపేట తిరుపతికీ పుత్తూరుకూ మధ్య ఉన్న ఊరు. ఒకప్పుడు కొత్త సినిమా చూడాలంటే ఆ రెండింటిలో ఏదో ఒక ఊరికి బస్సెక్కాల్సిందే. వెళ్లేది కుటుంబమంతా. చూసేది నలుగురి మధ్య. ఆ సినిమాను అంతకుముందే సెన్సారు బోర్డు చూసి ఉండేది. 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ చవకైంది. 2020లో ఆహా పేరుతో తెలుగుకు ప్రత్యేకంగా ఒక వేదిక వచ్చింది. సినిమా, సీరియల్, కామెడీ, రీల్ అన్నీ ఫోనులోకి చేరాయి. ఇప్పుడు చూసేది ఒక్కరే, దుప్పటి కింద, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో. పక్కన పెద్దలు లేరు. ‘ఇది తప్పు కదా’ అని అనేవారూ లేరు.

ఈ విషయంపై చాలా వ్యాసాలు స్త్రీ వస్త్రధారణ దగ్గర మొదలై అక్కడే ముగుస్తాయి. మేము ఆ దారిలో వెళ్లదలచుకోలేదు. దుస్తుల పొడవు ఒక ప్రశ్నే. అంతకంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. తెరమీద అధికారం ఎవరి చేతిలో ఉంది? ధర ఎవరికి కడుతున్నారు?

మన యాసలో వచ్చిన కథ

2021 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప’ సినిమా మన జిల్లాల కథ. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగతనంగా నరికి అమ్ముకునే ఒక కూలీ ముఠా నాయకుడుగా ఎదగడం అందులోని ఇతివృత్తం. చిత్తూరు యాస దేశమంతటా మోగింది. 2021 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం అల్లు అర్జున్‌కు లభించింది. తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. మన మాట అంత దూరం వెళ్లినందుకు ఈ ప్రాంతంవారికి సంతోషం కలగడం సహజం. 2022 జనవరి నుంచి ఆ సినిమా అమెజాన్ ప్రైమ్‌లో ఉంది. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూడవచ్చు.

అందులోని ఒక సన్నివేశాన్ని గుర్తు చేసుకోండి. కథానాయకుడికి శ్రీవల్లి అనే అమ్మాయి మీద మనసవుతుంది. ఆమె తిరిగి చూడదు. అతని స్నేహితుడు వెయ్యి రూపాయలిస్తాడు, ఆమె నవ్వాలి. ఆ తర్వాత ముద్దుకు ఐదు వేలు. థియేటర్లో ఈలలు మోగాయి. దాన్ని ప్రేమ అన్నారు. అదే కథలో ముందుకు వెళ్తే ఒక దుర్మార్గుడు ఆ అమ్మాయి తండ్రిని చెరబట్టి, అతన్ని వదలాలంటే ఒక రాత్రి తన దగ్గరికి రమ్మంటాడు. అప్పుడు ప్రేక్షకుడికి కోపం వస్తుంది. కథానాయకుడు ఆ దుర్మార్గుణ్ణి చితకబాదితే చప్పట్లు కొడతాడు.

తల్లిదండ్రులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. మొదటివాడు డబ్బుతో కొన్నాడు. రెండోవాడు భయపెట్టి కొనబోయాడు. ఇద్దరూ చేసింది బేరమే. ఒక బేరానికి నవ్వి, ఇంకో బేరానికి మండిపడడం మన పిల్లవాడికి ఏం నేర్పుతుంది? కొనేవాడు మనకు నచ్చినవాడైతే కొనవచ్చునని నేర్పుతుంది. వ్యాన్‌లో కథానాయకుడు ఆ అమ్మాయిని తాకే మరో దృశ్యం మీద విమర్శలు వచ్చాయి. విడుదలైన కొద్ది రోజులకే దాన్ని కత్తిరించారు. ప్రేక్షకుడు నోరు తెరిచి అడిగితే నిర్మాతలు వింటారనడానికి అదే సాక్ష్యం.

ఆ సినిమాలోనే సమంత నర్తించిన పాట ఒకటుంది. స్త్రీ ఎలా ఉన్నా, ఏం కట్టుకున్నా మగవాడి బుద్ధి వంకరేనన్నది ఆ పాట భావం. మగవాళ్లను అవమానించారంటూ మన రాష్ట్రంలో ఒక పురుషుల సంఘం కోర్టుకెక్కింది కూడా. పాటలోని మాట మగవాడి చూపును తప్పుపడుతోంది. కెమెరా మాత్రం ఆ వంకర చూపునే చూస్తోంది. మాట ఒక చెవిన పడి రెండో చెవి నుంచి పోతుంది. బొమ్మ కంట్లో నిలిచిపోతుంది.

బేరం కొత్తది కాదు, నవ్వు కొత్తది

స్త్రీకి వెల కట్టడాన్ని కళలు ఇంతకుముందు చూపలేదా అంటే చూపాయి. మీర్జా హాదీ రుస్వా 1899లో ‘ఉమ్రావ్ జాన్ అదా’ నవల రాశారు. పసిపిల్లను ఎత్తుకొచ్చి లక్నో కోఠాలో అమ్మేయడం అందులోని కథ. 1981లో ముజఫ్ఫర్ అలీ దాన్ని సినిమాగా తీశారు. మరుసటి ఏడాది సాగర్ సర్హదీ ‘బాజార్’ తీశారు. అది మన హైదరాబాద్ కథ. గల్ఫ్ డబ్బుతో వచ్చిన వయసు మళ్లినవాడికి పేదింటి ముస్లిం పిల్లను నికాహ్ పేరుతో కట్టబెట్టే బేరాన్ని ఆ సినిమా ఎండగట్టింది. అది మన సమాజం తలదించుకోవలసిన కథ. చూసినవారి గొంతు పట్టేసింది.

రెండు చోట్లా బేరం ఉంది. కానీ ఆ పాత చిత్రాల్లో కథ అమ్ముడుపోయిన పిల్ల పక్కన నిలబడింది. ఇప్పటి కథ కొన్నవాడి పక్కన నిలబడి ఈల వేయిస్తోంది. తేడా అంతా ఇక్కడే ఉంది. స్త్రీ కష్టాన్ని చూపడం అశ్లీలం కాదు. ఆ కష్టాన్ని సరదాగా మార్చడమే అశ్లీలం.

మాట్లాడని కథానాయిక

2017లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చింది. దాని పోస్టరు మీద ముద్దు దృశ్యం ఉందని కాంగ్రెస్ నాయకుడు వి.హనుమంతరావు ఒక బస్సుకు అంటించిన పోస్టరును చించేశారు. వివాదమంతా ఆ పోస్టరు చుట్టూ తిరిగింది. అసలు విషయం మాత్రం చర్చకు రాలేదు. వైద్య కళాశాలలో కొత్తగా చేరిన అమ్మాయిని సీనియర్ విద్యార్థి చూస్తాడు. ఆమె ఇష్టాన్ని అడగడు. ఆమె తనదని కాలేజీలో ప్రకటిస్తాడు. అడగకుండానే ముద్దు పెడతాడు. ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో స్నేహం చేయాలో తనే నిర్ణయిస్తాడు. సగం సినిమా గడిచినా ఆ అమ్మాయి నోటివెంట నాలుగు మాటలు రావు. డాక్టరు కాబోయే పిల్ల నోరు మెదపకపోవడాన్నే ప్రేమగా చూపారు. 2019లో అది హిందీలో ‘కబీర్ సింగ్’ అయింది. అదే దర్శకుడు 2023లో ‘యానిమల్’ తీశాడు.

మన ధర్మం స్త్రీ గొంతును ఎలా చూసింది? హజ్రత్ ఖౌలా (ర.అన్హా) తన భర్త చేసిన అన్యాయం మీద దైవప్రవక్త (స) సన్నిధిలో వాదించారు. ఆమె మొరను అల్లాహ్ విన్నాడని చెబుతూ దివ్యఖుర్ఆన్‌లో 58వ సూరా మొదలవుతుంది. ఆ సూరా పేరే ‘ముజాదిలా’, అంటే వాదించిన స్త్రీ. తండ్రి తన ఇష్టాన్ని అడగకుండా చేసిన నికాహ్ మీద హజ్రత్ ఖన్సా (ర.అన్హా) ఫిర్యాదు చేస్తే దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు. స్త్రీ ‘వద్దు’ అంటే అది వద్దే. తండ్రి ముందయినా, భర్త ముందయినా. ఈ సంగతి మన పిల్లలకు మనం చెప్పకపోతే తెర తన పాఠం తాను చెబుతుంది.

నవ్వుల బల్ల ముందు

వడమాలపేట మండలం నగరి శాసనసభ నియోజకవర్గంలోనిది. 1990లలో అగ్ర కథానాయికగా వెలిగిన శ్రీమతి ఆర్.కె.రోజా ఇక్కడి నుంచి 2014లోనూ 2019లోనూ గెలిచారు. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ కామెడీ కార్యక్రమానికి న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. 2022 ఏప్రిల్‌లో మంత్రి అయ్యాక ఆ కుర్చీ వదిలారు. ఆ కార్యక్రమం ముక్కలు ముక్కలుగా యూట్యూబ్‌లో చేరి ఈనాటికీ ఇంటింటా నడుస్తోంది. అందులో హాస్యం పేరిట రెండర్థాల మాటలు, భార్య మీద జోకులు, చీర కట్టుకున్న మగవాళ్ల వెకిలి చేష్టలు ఎక్కువని విమర్శలు వస్తూనే ఉన్నాయి. తీర్పు చెప్పే కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన జోకు మారలేదు. కుర్చీ దొరకడం వేరు, ఆటకు నియమాలు రాసే అధికారం దొరకడం వేరు.

2023లో ఆమె మంత్రిగా ఉండగానే ప్రత్యర్థి పార్టీకి చెందిన ఒక మాజీ మంత్రి ఆమె సినీ జీవితాన్ని ఎత్తిచూపుతూ అసభ్యంగా మాట్లాడాడు. పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. ఖుష్బూ, రాధిక, మీనా, రమ్యకృష్ణ వంటి నటీమణులు ఆమెకు అండగా నిలిచారు. అంతకు రెండేళ్ల ముందు, 2021 నవంబరులో, తన భార్యను కించపరిచారంటూ చంద్రబాబు నాయుడు శాసనసభను విడిచి వెళ్లి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఈ రోగానికి పార్టీ లేదు. ఒక స్త్రీ రాజకీయం నచ్చకపోతే ఓటుతో ఓడించవచ్చు. 2024లో నగరి ఓటర్లు అదే చేశారు. అది న్యాయం. ఆమె శీలం మీద మాట వేసి ఓడించబోవడం నేరం. శీలవతుల మీద నింద మోపి సాక్ష్యం తేలేనివారికి దివ్యఖుర్ఆన్ 24వ సూరా కఠిన శిక్ష చెప్పింది. ఆ మీదట వారి సాక్ష్యం చెల్లదని కూడా చెప్పింది.

చీర కట్టిన మగవాడి మాట వచ్చింది కాబట్టి మరో సంగతి. మన పొరుగువారైన హిందూ సోదరులు తిరుపతిలో ఏటా గంగమ్మ జాతర చేసుకుంటారు. స్త్రీలను చెరబట్టిన ఒక పాలెగాణ్ణి గంగమ్మ వేషాలు మార్చి వెంటాడి సంహరించిందని వారి గాథ. ఆ జ్ఞాపకంగా మగవాళ్లు వేషాలు కడతారు, చీర కూడా కడతారు. 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప’ రెండో భాగంలో ఆ జాతర వేషం కనిపిస్తుంది. మన విశ్వాసం వేరు, వారి విశ్వాసం వేరు. అయినా గమనించదగిన విషయం ఒకటుంది. ఆ జాతరలో చీర కట్టిన మగవాడు చెరబట్టినవాణ్ణి శిక్షించిన స్త్రీని తలచుకుంటున్నాడు. టీవీలో చీర కట్టిన మగవాడు ఆ స్త్రీనే ఎగతాళి చేస్తున్నాడు. ఒకే తిరుపతి గాలి పీల్చే మనం ఏది మన పిల్లలకు చూపుతున్నాం?

దొంగిలించిన ముఖాలు

తెరమీద బేరం అక్కడితో ఆగలేదు. శ్రీవల్లిగా నటించిన రష్మికా మందన్న ముఖాన్ని వేరొకరి శరీరానికి అతికించిన వీడియో 2023 నవంబరులో ఫోన్లలో చుట్టేసింది. కృత్రిమ మేధతో చేసే ఇలాంటి మాయను డీప్‌ఫేక్ అంటున్నారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు దాన్ని చేసిన యువకుణ్ణి పట్టుకున్నారు. ఎక్కడ? మన గుంటూరు జిల్లాలో. ఇంజనీరింగ్ చదివినవాడు. ఆమె అభిమానుల పేరుతో నడిపే పేజీకి అనుచరులను పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానమట! తెరమీద నవ్వుకు వెయ్యి రూపాయలు. తెర బయట ముఖం ఉచితం.

కథానాయికకు పోలీసులున్నారు, పత్రికలున్నాయి. పేరులేని ఆడపిల్లకు ఎవరున్నారు? 2021 జులైలో ‘సుల్లీ డీల్స్’ అనే పేరుతో, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అనే పేరుతో ముస్లిం స్త్రీల ఫోటోలను వేలానికి పెట్టినట్లు చూపే యాప్‌లు వచ్చాయి. రెండోదానిలో వందమందికి పైగా స్త్రీల ఫోటోలున్నాయి. వారిలో విలేఖరులు, న్యాయవాదులు, నలుగురి కోసం గొంతెత్తినవారు ఎక్కువ. ఎవరూ నిజంగా అమ్ముడు కాలేదు. అమ్మడం అక్కడి ఉద్దేశం కాదు. మాట్లాడే స్త్రీ నోరు మూయించడమే ఉద్దేశం. ఆ కేసులో పట్టుబడినవారిలో ఎక్కువమంది పాతికేళ్లు నిండని విద్యార్థులు. వారిలో ఒక అమ్మాయి కూడా ఉంది. ఆడదాన్ని వేలం వేయడం ఒక ఆట అని ఆ పిల్లలకు నేర్పినవారెవరు? ద్వేషం నేర్పింది కొంత. ‘ధర ఎంత?’ అని నవ్వే వినోదం నేర్పింది కొంత.

తెర వెనుక బతుకులూ వేరుగా లేవు. 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు చేసిన నిరసన దేశమంతా చూసింది. తెలుగు చిత్రసీమలో స్త్రీలపై వేధింపులను పరిశీలించడానికి తెలంగాణ ప్రభుత్వం 2019లో ఒక కమిటీ వేసింది. 2024 ఆగస్టులో కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చినప్పుడు, ఇక్కడి నివేదికనూ బయటపెట్టమని సమంత కోరవలసి వచ్చింది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లోని అసభ్య నృత్య భంగిమలను మానుకోవాలని చిత్రనిర్మాతలను హెచ్చరించింది. అధికారం ఉన్నవారు అడిగితే కొంతయినా కదలిక వస్తుంది.

ఫోను ఎవరి చేతినుంచి లాక్కుంటున్నాం?

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ఈ ప్రాంతంలోనే ఒక ఇంట్లో జరిగిన సంగతి. వలీమాలో తీసిన ఫోటోను ఎవరో ఒక పాటకు అతికించి స్టేటస్ పెట్టారు. ఫోటోలో ఉన్న అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె చేసిన తప్పేమీ లేదు. ఇంట్లోవారు మొదట ఆమె ఫోను లాక్కున్నారు. వారం తిరక్కముందే కాలేజీ మాన్పించారు. ఆ పిల్ల తల్లి మాతో ‘ఫోనుండబట్టే గదా మౌల్వీసాబ్ ఇంత జరిగింది’ అంది. ‘ఆ ఫోటో పెట్టినవాడి ఫోను ఎవరు తీసుకున్నారమ్మా?’ అని మేము అడిగాము. ఆమె దగ్గర జవాబు లేదు. అన్నదమ్ముల ఫోన్లు యథాప్రకారం రాత్రి రెండింటి వరకు వెలుగుతూనే ఉన్నాయి.

దివ్యఖుర్ఆన్ 24వ సూరా ‘నూర్’లో చూపులు వాల్చుకొమ్మని, శీలం కాపాడుకొమ్మని ఆదేశం ఉంది. ఆ ఆదేశం మొదట ఎవరికి వచ్చింది? 30వ వాక్యంలో విశ్వాసులైన పురుషులకు. స్త్రీలకు వచ్చింది ఆ తర్వాతి వాక్యంలో. మన ఇళ్లలో క్రమం తలకిందులైంది. కూతురికి పదేళ్ల నుంచే హద్దులు చెబుతున్నాం. కొడుక్కి ఇరవై ఏళ్లొచ్చినా ఒక్క మాట చెప్పడం లేదు. అదే సూరా 33వ వాక్యం ఐహిక లాభం కోసం ఆడవారిని వ్యభిచారంలోకి నెట్టకూడదని హెచ్చరించింది. స్త్రీ శరీరం మీద సంపాదించే వ్యాపారం ఏ రూపంలో వచ్చినా ఆ హెచ్చరిక వర్తిస్తుందని మా అభిప్రాయం. ఆ వ్యాపారానికి మన చూపే పెట్టుబడి.

చేయదగిన పనులు

ఏడ్చి కూర్చుంటే లాభం లేదు. చేతికందే పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, చట్టం. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఓటీటీలు ప్రతి చిత్రానికీ యు, 7 ఏళ్లు పైబడినవారికి, 13 పైబడినవారికి, 16 పైబడినవారికి, పెద్దలకు మాత్రమే అని వర్గం చూపాలి. 13 ఏళ్ల వర్గం నుంచి పైవాటికి తాళం వేసుకునే సౌకర్యం ఇవ్వాలి. ఆ తాళం ఆ యాప్ సెట్టింగుల్లోనే ఉంటుంది. మనమే వేసుకోవాలి. 2024 మార్చిలో 18 వేదికలను, 2025 జులైలో మరో 25 వేదికలను అశ్లీలం కారణంగా కేంద్రం నిలిపివేసింది. ఒకటి మూస్తే మరొకటి తెరుచుకుంటుంది కనుక చట్టం ఒక్కటే సరిపోదు.

రెండవది, ఫిర్యాదు. మీ ఇంటి ఆడపిల్ల ఫోటోతో ఎవరైనా ఆడుకుంటే ముందు ఆమెను దగ్గరికి తీసుకోండి. ఆ ఫోటో ఉన్న పేజీని, తేదీని, పెట్టినవారి పేరును స్క్రీన్‌షాట్ తీసి దాచండి. 1930 నంబరుకు ఫోను చేయండి. లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీల కోసం ఉన్న విభాగంలో రాయండి. అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. నగ్నంగానో, మార్ఫింగ్ చేసో పెట్టిన బొమ్మలను ఫిర్యాదు అందాక నిర్ణీత గడువులోగా తొలగించాలని 2021 నిబంధనలే చెప్పాయి. పరువు పోతుందని దాచిపెడితే బలపడేది నేరస్థుడే.

మూడవది, మాట. కొడుకుతో కలిసి కూర్చుని ఒక సినిమా చూడండి. నవ్వుకు వెయ్యి రూపాయలిచ్చే దృశ్యం రాగానే ఆపి, ‘మీ ఆపాకు ఎవరైనా ఇలా డబ్బిస్తే నీకెలా ఉంటుంది బేటా?’ అని అడగండి. తిట్టవద్దు, ప్రసంగం చేయవద్దు. జవాబు వాడినే చెప్పనివ్వండి. మస్జిద్‌లలో ఇమాములు జుమా ప్రసంగంలో యువకుల చూపు గురించి మాట్లాడాలి. ఆడపిల్లల గురించి ఇప్పటికే చాలా మాట్లాడాము.

నాలుగవది, చదువు. పైన చెప్పిన అమ్మాయి తండ్రితో ఇద్దరు పెద్దలు కలిసి మాట్లాడారు. పిల్ల మళ్లీ కాలేజీకి వెళుతోంది. ఫోటో పెట్టినవాడు పొరుగింటి కుర్రాడే. వాడి తండ్రి వచ్చి క్షమాపణ చెప్పాడు. ఈ వ్యవహారంలో తల దించుకోవలసిందెవరో ఊరికి తెలిసింది. ప్రతిచోటా ఇంత తేలిగ్గా తేలదు. కానీ చదువు మాన్పించడం మాత్రం ఏ సందర్భంలోనూ పరిష్కారం కాదు.

తెరను పగలగొట్టమని మేము చెప్పడం లేదు. తెర వేసే ప్రశ్నకు ఇంట్లో జవాబు సిద్ధం చేసుకోమంటున్నాము. ఆడపిల్ల నవ్వుకు ధర లేదని మన కొడుకులకు తెలిసిన రోజున ఆ బేరాన్ని చూసి ఈల వేసేవారు తగ్గుతారు. ఈల తగ్గితే, తీసేవారూ ఆలోచిస్తారు. అల్లాహ్ మనకూ మన సంతానానికీ నిర్మలమైన చూపును ప్రసాదించుగాక! ఆమీన్.